రెండు చూపుల మధ్య కోణం: గైయా కొలతల అసలు కిటుకు

నక్షత్రాల స్థానాలు కొలిచే అంతరిక్ష టెలిస్కోపుల ప్రస్తావన వస్తే, వంద కోట్ల పిక్సెళ్ల కెమెరా గురించీ 180 కోట్ల నక్షత్రాల పట్టిక గురించీ వింటాం. ఆ అంకెలు గొప్పవే. కానీ గైయా అనే యూరప్ అంతరిక్ష టెలిస్కోపు పనితనమంతా ఒక్క కోణం మీద నిలబడి ఉంది. దాని రెండు టెలిస్కోపులు చూసే దిక్కుల మధ్య ఉన్న 106.5 డిగ్రీల కోణం అది. ఆ కోణం ఎందుకు కావాలి, ఎందుకు కదలకూడదు, కదిలితే మన చేతికొచ్చే దూరాల్లో తప్పు ఎలా చేరుతుంది అన్నవి తెలిస్తే, ఈ యంత్రంలో ప్రతి భాగం అలాగే ఎందుకుందో తెలిసిపోతుంది.

ముందు పారలాక్స్ సంగతి. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే కొద్దీ మనం చూసే చోటు మారుతుంది. అందువల్ల దగ్గరి నక్షత్రం ఏడాదికోసారి ఆకాశంలో ఒక చిన్న దీర్ఘవృత్తం గీసినట్టు కనిపిస్తుంది. ఆ దీర్ఘవృత్తం పొడవులో సగమే పారలాక్స్. అది ఒక ఆర్క్ సెకండ్ ఉంటే, అంటే డిగ్రీలో 3600వ వంతు ఉంటే, దూరం ఒక పార్సెక్, 3.26 కాంతి సంవత్సరాలు. సూర్యుణ్ణి పక్కనపెడితే అంత పారలాక్స్ ఉన్న నక్షత్రం ఒక్కటీ లేదు. అన్నిటికన్నా దగ్గరున్న ప్రాక్సిమా సెంటారీకే 0.77 ఆర్క్ సెకండ్. 1838లో ఫ్రెడరిక్ బెస్సెల్ 61 సిగ్నీ అనే నక్షత్రానికి 0.31 అని కొలిచి, ఒక నక్షత్రం దూరాన్ని మొదటిసారి నమ్మకంగా చెప్పాడు. వెయ్యి పార్సెక్‌ల దూరానికి పారలాక్స్ ఒక మిల్లీ ఆర్క్ సెకండ్. ఎనిమిది వేల పార్సెక్‌ల అవతలున్న పాలపుంత కేంద్రం దగ్గరికి వెళ్తే అది 125 మైక్రో ఆర్క్ సెకండ్లకు పడిపోతుంది.

నేల మీది నుంచి దీన్ని కొలవడంలో ఇబ్బందులు అందరికీ తెలిసినవే. వాతావరణం నక్షత్రాన్ని సుమారు ఒక ఆర్క్ సెకండ్ వెడల్పున చెదరగొడుతుంది. టెలిస్కోపు చూసే దిశ మారినప్పుడల్లా దాని బరువే దాన్ని వంచుతుంది. ఏ ఒక్క చోటు నుంచీ ఆకాశమంతా కనిపించదు. అయితే వీటన్నిటికన్నా లోతైన చిక్కు ఒకటుంది, దాని గురించి తక్కువగా మాట్లాడుకుంటాం.

పారలాక్స్ వల్ల నక్షత్రం ఎప్పుడూ సూర్యుడి వైపు జరిగినట్టు కనిపిస్తుంది. ఎంత జరుగుతుందన్నది రెండిటి మీద ఆధారపడుతుంది: దాని పారలాక్స్, అది సూర్యుడితో చేసే కోణం. మామూలు టెలిస్కోపు ఒక్క ఫొటోలో చూసే ఆకాశపు ముక్క చాలా చిన్నది. అందులోని నక్షత్రాలన్నీ సూర్యుడితో దాదాపు ఒకే కోణం చేస్తాయి కాబట్టి అన్నీ ఒకే దిక్కుకు ఒకేసారి జరుగుతాయి. మనకు కనిపించేది వాటి మధ్య తేడా మాత్రమే. వెనకనున్న నక్షత్రాల దూరం ఎంతో ముందే ఊహించి, ఆ ఊహను కలిపితే తప్ప అసలు పారలాక్స్ రాదు. హబుల్ టెలిస్కోపుకూ ఇదే పరిమితి. దాని కెమెరాతో నక్షత్రాన్ని గీతలా సాగదీసి 20 నుంచి 40 మైక్రో ఆర్క్ సెకండ్ల వరకూ కొలిచారు. అద్భుతమైన పని, కానీ అక్కడా నేపథ్య నక్షత్రాలకు దిద్దుబాటు తప్పలేదు.

దీనికి విరుగుడును ఫ్రెంచి శాస్త్రవేత్త పియర్ లాక్రూట్ 1960లలోనే ప్రతిపాదించారు. ఆకాశంలో బాగా దూరంగా ఉన్న రెండు దిక్కులను ఒకేసారి చూసి, రెండిటి బొమ్మలనూ ఒకే ఫోకల్ తలం మీద, అంటే బొమ్మ ఏర్పడే ఒకే చోట, పడేలా చేయాలి. అప్పుడు ఒక దిక్కులోని నక్షత్రాలు సూర్యుడితో ఒక కోణమూ, రెండో దిక్కులోనివి ఇంకో కోణమూ చేస్తాయి. వాటి జరుగుడు ఒకదాన్నొకటి రద్దు చేసుకోదు. ఎవరి పారలాక్స్‌నూ ముందుగా ఊహించకుండానే అందరి పారలాక్స్‌లూ ఒకేసారి లెక్కకు వస్తాయి. గైయాకు ముందు ఇదే పని చేసిన ఉపగ్రహం హిప్పార్కస్‌లో ఆ కోణం 58 డిగ్రీలు, గైయాలో 106.5. గుండుగా 60, 90, 120 ఎందుకు పెట్టలేదంటే, 360ని సమానంగా భాగించే కోణమైతే ఉపగ్రహం తిరుగుతూ ఆకాశంలో చూసే వలయం మీద అవే కొన్ని బిందువులు మళ్లీ మళ్లీ ఒకదానితో ఒకటి ముడిపడతాయి. మధ్యలోవి వదులుగా మిగిలిపోతాయి, సమీకరణాల పరిష్కారం బలహీనమవుతుంది.

గైయా తన అక్షం చుట్టూ ఆరు గంటలకోసారి తిరిగేది. అంటే నిమిషానికి ఒక డిగ్రీ. కాబట్టి మొదటి టెలిస్కోపు చూసిన నక్షత్రాన్ని 106.5 నిమిషాల తర్వాత రెండోది చూస్తుంది. కొలత నిజానికి కాలం కొలతే: ఏ క్షణాన ఏ నక్షత్రం గీత దాటింది? సెకనుకు 60 ఆర్క్ సెకండ్ల వేగంలో ఒక మైక్రోసెకను తప్పు 60 మైక్రో ఆర్క్ సెకండ్ల తప్పవుతుంది. అందుకే లోపల రుబిడియం అణు గడియారం పెట్టారు. ఇక్కడే వలయం చేసే మేలు చూడాలి. పూర్తి చుట్టు కచ్చితంగా 360 డిగ్రీలే కావాలి. రెండు చూపుల మధ్య కోణం మనం అనుకున్నదానికన్నా కాస్త ఎక్కువో తక్కువో అయితే, చుట్టు పూర్తయ్యేసరికి లెక్క కలవదు, తప్పు బయటపడుతుంది. అంటే ఆ కోణం విలువ ఎంతైనా ఫరవాలేదు, గైయా దాన్ని తనే కొలుచుకుంటుంది. కోణం స్థిరంగా ఉండటమే ముఖ్యం.

ఎంత స్థిరంగా? ఒక మైక్రో ఆర్క్ సెకండ్ అంటే, ఒక మీటరు వెడల్పున్న అద్దం ఒక అంచు రెండో అంచు కన్నా సుమారు 5 పికోమీటర్లు పైకి లేవడం. హైడ్రోజన్ పరమాణువు అడ్డుకొలత సుమారు 100 పికోమీటర్లు. ఈ పోలికను మనసులో ఉంచుకుంటే గైయా నిర్మాణంలో వింతగా కనిపించే నిర్ణయాలన్నీ తార్కికంగా తోస్తాయి. అద్దాలూ, వాటిని మోసే మూడు మీటర్ల వలయాకారపు చట్రమూ అన్నీ సిలికాన్ కార్బైడ్‌తో చేశారు. ఆ పదార్థం గట్టిది, వేడిని త్వరగా పంచుతుంది, అన్ని భాగాలూ ఒకే పదార్థం కాబట్టి ఒకేలా కుంచించుకుంటాయి. ప్రధాన అద్దాలు ఒక్కొక్కటి 1.45 మీటర్ల పొడవు, అర మీటరు వెడల్పు. తిరిగే దిశలోనే సూక్ష్మత కావాలి కాబట్టి పొడవు అటువైపు ఉంచారు. ఫోకల్ దూరం 35 మీటర్లు, దాన్ని అద్దాలతో మడిచి లోపల ఇమిడ్చారు. గమనం సరిదిద్దడానికి చక్రాలు పెట్టలేదు, ఎందుకంటే తిరిగే చక్రం కంపనం పుట్టిస్తుంది. బదులుగా మైక్రోన్యూటన్ల స్థాయిలో నైట్రోజన్ వాయువును ఊదే చిన్న థ్రస్టర్లు. భూమి వైపు సంకేతాలు పంపే యాంటెనా కూడా కదలదు. దాని పుంజాన్ని ఎలక్ట్రానిక్ పద్ధతిలో మళ్లిస్తారు.

భూమికి 15 లక్షల కిలోమీటర్ల అవతల, రెండో లాగ్రాంజ్ బిందువు (ఉపగ్రహం భూమితో పాటే సూర్యుడి చుట్టూ తిరగగల చోటు) చుట్టూ తిప్పడం కూడా వేడి నిలకడ కోసమే. అక్కడ భూమి నీడ పడి వెలుగు చీకట్లు మారవు. పది మీటర్ల సన్‌షీల్డ్ వెనక పరికరం ఎప్పుడూ నీడలోనే ఉంటుంది, డిటెక్టర్లు సున్నాకు దిగువన 110 డిగ్రీల దగ్గర పనిచేస్తాయి. తిరుగుడు అక్షం సూర్యుడితో ఎప్పుడూ 45 డిగ్రీలే చేస్తుంది. ఆ కోణం మారదు గనక పడే మొత్తం వేడి కూడా మారదు. అక్షం మాత్రం 63 రోజులకోసారి సూర్యుడి దిశ చుట్టూ ఒక ప్రదక్షిణ చేస్తుంది. అందువల్ల ఒకే నక్షత్రం మీదుగా వేర్వేరు దిక్కుల నుంచి గీతలు పడతాయి. ఇది తప్పనిసరి, ఎందుకంటే గైయా బాగా కొలిచేది తిరిగే దిశలోనే. అడ్డదిశలో ఒక పిక్సెల్ 177 మిల్లీ ఆర్క్ సెకండ్లు, తిరిగే దిశలో 59. పైగా మసక నక్షత్రాలకు అడ్డదిశ పిక్సెళ్లన్నిటినీ కలిపేసి ఒక్క వరుసగా చదువుతారు.

డిటెక్టర్ల తీరు చెప్పుకోవలసిందే. మొత్తం 106 సీసీడీలు, అంటే కాంతిని ఎలక్ట్రాన్లుగా మార్చి చదివే చిప్‌లు: స్థానం కొలవడానికి 62, నక్షత్రాన్ని కనిపెట్టడానికి 14, రంగులకు 14, వర్ణపటానికి 12, పరికరాన్ని గమనించుకోవడానికి 4. ఉపగ్రహం తిరుగుతుంటే నక్షత్రపు బొమ్మ సీసీడీ మీదుగా జారుతూ పోతుంది. ఆ జారుడు వేగంతోనే ఎలక్ట్రాన్ల మూటను వరుస నుంచి వరుసకు, మిల్లీసెకనుకు ఒకటి చొప్పున, జరుపుతూ పోతారు. 4500 వరుసలు దాటడానికి 4.4 సెకన్లు పడుతుంది, అదే ఎక్స్‌పోజరు. రెండు టెలిస్కోపుల బొమ్మలూ ఒకదాని మీద ఒకటి పడతాయి కదా, ఏది ఎవరిదని ఎలా తెలుస్తుంది? మొదటి రెండు నిలువు వరుసల సీసీడీల్లో ఒకదానికి ఒక టెలిస్కోపు మాత్రమే, రెండోదానికి రెండో టెలిస్కోపు మాత్రమే కనిపించేలా అడ్డుపెట్టారు. నక్షత్రం అక్కడ కనబడగానే కంప్యూటరు అది ఏ క్షణాన ఏ సీసీడీ చేరుతుందో లెక్కగట్టి, దాని చుట్టూ ఉన్న చిన్న కిటికీని మాత్రమే చదువుతుంది. మిగతా ఆకాశాన్ని అక్కడే వదిలేస్తుంది. వంద కోట్ల పిక్సెళ్లను యథాతథంగా భూమికి పంపే దారి లేదు.

ఒక్క సీసీడీ దాటినప్పుడు దొరికే సూక్ష్మత ఎంతో అంచనా వేయడం సులువే. 1.45 మీటర్ల అద్దానికి ఎర్రని కాంతిలో బొమ్మ వెడల్పు సుమారు 90 మిల్లీ ఆర్క్ సెకండ్లు. పోగైన ఎలక్ట్రాన్ల సంఖ్య వర్గమూలం ఎంతో, కేంద్రం అన్ని రెట్లు సూక్ష్మంగా తెలుస్తుంది. లక్ష ఎలక్ట్రాన్లు పోగైతే వర్గమూలం 316. 90ని 316తో భాగిస్తే 0.3 మిల్లీ ఆర్క్ సెకండ్ దగ్గర వస్తుంది. ఒక దాటుడులో తొమ్మిది సీసీడీలు, ఐదేళ్లలో సగటున 70 దాటుళ్లు అనుకుంటే ఆరువందలకు పైగా కొలతలు. వాటి వర్గమూలంతో మళ్లీ భాగిస్తే పది ఇరవై మైక్రో ఆర్క్ సెకండ్ల స్థాయికి చేరతాం. అయితే ఈ భాగహారం చెల్లేది తప్పులు యాదృచ్ఛికంగా ఉన్నప్పుడే. ఒకే వైపు లాగే తప్పును ఎన్ని కొలతలు కలిపినా తగ్గించలేం. అందుకే ఈ రంగంలో అసలు పని కాంతి పోగుచెయ్యడం కాదు, అలాంటి తప్పులను వేటాడటం.

వాటిలో ఒకటి సీసీడీలోనే పుడుతుంది. సూర్యుడి నుంచి వచ్చే ప్రోటాన్లు సిలికాన్‌లో గుంటల్లాంటి లోపాలు చేస్తాయి. వెళ్తున్న ఎలక్ట్రాన్లు వాటిలో చిక్కుకుని కాసేపటికి బయటపడతాయి. బొమ్మకు తోక వస్తుంది, దాని కేంద్రం వెనక్కి జరుగుతుంది. నక్షత్రం ఎంత మసకగా ఉంటే జరుగుడు అంత ఎక్కువ. దీనికి మందుగా సుమారు రెండు సెకన్లకోసారి వరుసల్లోకి కావాలనే ఎలక్ట్రాన్లు కుమ్మరించి ఆ గుంటలు నింపేవారు. నష్టం ముందు భయపడినదానికన్నా చాలా తక్కువగా జరిగింది.

కోణం మాత్రం భయపెట్టింది. దాన్ని కనిపెట్టుకుని ఉండటానికి లేజర్ పుంజాలను రెండు టెలిస్కోపుల్లోకీ పంపి, ఫోకల్ తలం మీద ఏర్పడే చారల కదలికను నిరంతరం చదివే పరికరం ఉంది. కోణం ఆరు గంటల చక్రంలో సుమారు ఒక మిల్లీ ఆర్క్ సెకండ్ మేర ఊగుతోందని అది చూపించింది. అనుకున్నదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. కారణం సూర్యుడి వేడే. తిరుగుతున్నప్పుడు ఉపగ్రహం వేర్వేరు ముఖాలను సూర్యుడికి చూపుతుంది. ఇక్కడే అసలు ప్రమాదం. పారలాక్స్ కూడా సూర్యుడి వైపు జరుగుడే కదా. సూర్యుడి దిశకు ముడిపడి కోణం ఊగితే, ఆ ఊగిసలాటలో ఒక భాగం అన్ని నక్షత్రాలకూ ఒకే పారలాక్స్ కలిపినట్టే కనిపిస్తుంది. గైయా కోణాలకు లెక్కగడితే, ఆ భాగం ఒక మిల్లీ ఆర్క్ సెకండ్ ఉంటే పారలాక్స్‌లన్నీ సుమారు 0.9 మిల్లీ ఆర్క్ సెకండ్ జరుగుతాయి. నక్షత్రాల కొలతలు ఎన్ని ఉన్నా వాటిలోంచి ఈ రెండిటినీ విడదీయలేం. లేజర్ పరికరం చదివిన విలువలను లెక్కలో చేర్చి చాలా భాగం తీసేశారు. మిగిలినదాన్ని పట్టుకోవడానికి క్వేసార్లు, అంటే సుదూర గెలాక్సీల వెలిగే కేంద్రాలు, ఉన్నాయి. అవి ఎంత దూరమంటే వాటి పారలాక్స్ సున్నా కావాలి. గైయా పట్టిక మూడో విడుదలలో వాటి మధ్యస్థ విలువ మైనస్ 17 మైక్రో ఆర్క్ సెకండ్లు వచ్చింది. రెండో విడుదలలో మైనస్ 29. ఇంత నిజాయితీగా తన తప్పును తానే కొలిచి ప్రకటించే పట్టిక దొరకడం మన అదృష్టం.

పొడవైన లెక్కంతా భూమి మీద జరుగుతుంది. నక్షత్రాల స్థానాలు, ఉపగ్రహం ప్రతి క్షణం చూసిన దిశ, సీసీడీల జ్యామితి, ఇవన్నీ తెలియని రాశులే. మూడో విడుదలకు సుమారు 1.4 కోట్ల నక్షత్రాలను ఎంచుకుని, మూడు గుంపుల రాశులనూ ఒకదాని తర్వాత ఒకటి సరిదిద్దుతూ, మార్పు ఆగిపోయేదాకా మళ్లీ మళ్లీ తిప్పారు. సూక్ష్మ ఉల్కలు తగిలిన దెబ్బలూ, చట్రంలో సర్దుబాటు వల్ల వచ్చే చిన్న కుదుపులూ దిశ లెక్కలో గుర్తించి తీసెయ్యాలి. సాపేక్షతా సిద్ధాంతం లేకుండా ఈ లెక్క నడవదు. సూర్యుడికి 90 డిగ్రీల పక్కన ఉన్న నక్షత్రపు కాంతి కూడా సూర్యుడి గురుత్వం వల్ల 4 మిల్లీ ఆర్క్ సెకండ్లు వంగుతుంది. ఉపగ్రహం వేగంలో సెకనుకు ఒక మిల్లీమీటరు తేడా వస్తే కనిపించే స్థానం 0.7 మైక్రో ఆర్క్ సెకండ్ మారుతుంది. కాబట్టి గైయా వేగం కచ్చితంగా తెలియాలి. దానికోసం రేడియో కొలతలు చాలక, వెలుగు కొలమానంలో 21వ తరగతి మసక చుక్కగా కనిపించే గైయానే నేల మీది టెలిస్కోపులతో ఫొటోలు తీస్తూ వచ్చారు.

దీనికి ముందున్న హిప్పార్కస్ కథలో ఇంకో పాఠం ఉంది. 1989 ఆగస్టు 8న ప్రయోగించాక, భూస్థిర కక్ష్యకు చేర్చాల్సిన మోటారు మండలేదు. ఉపగ్రహం సాగిన దీర్ఘవృత్త కక్ష్యలోనే ఉండిపోయి, ప్రతి చుట్టులో రేడియేషన్ పట్టీలను దాటేది. అదనపు భూకేంద్రాలు చేర్చి, లెక్కలు తిరగరాసి, 1993 వరకూ పని చేయించారు. 29 సెంటీమీటర్ల టెలిస్కోపుతో 1,18,218 నక్షత్రాలను సుమారు ఒక మిల్లీ ఆర్క్ సెకండ్ సూక్ష్మతతో కొలిచి, 1997లో పట్టిక ప్రచురించారు. కానీ కృత్తికల గుంపు దూరం సుమారు 120 పార్సెక్‌లని తేలడం ఏళ్ల తరబడి వివాదమైంది. మిగతా పద్ధతులన్నీ 133 దాటి చెప్పాయి. గైయా 136 దగ్గర తేల్చింది. చిన్న ప్రాంతంలో నక్షత్రాల తప్పులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటే, యాభై నక్షత్రాల సగటు తీసినా తప్పు తగ్గదన్నది ఆ వివాదం నుంచి నేర్చుకోవలసింది.

గైయా 2013 డిసెంబరు 19న బయల్దేరింది. మొదట్లోనే అనుకోని వెలుతురు లోపలికి చేరింది: సన్‌షీల్డ్ అంచున బయటికి పొడుచుకొచ్చిన సన్నని పోగులు సూర్యకాంతిని వంచి లోపలికి పంపాయి. దానివల్ల మసక నక్షత్రాల సూక్ష్మత తగ్గింది, వెలుగైనవాటికి నష్టం లేదు. అద్దాల మీద నీటి ఆవిరి మంచుగా పేరుకునేది. అద్దాలను వేడిచేసి దాన్ని వదిలించేవారు, కానీ ప్రతిసారీ పరికరం మళ్లీ చల్లబడి స్థిరపడే దాకా కొలతలు చెడేవి. 2024లో ఒక సూక్ష్మ ఉల్క కప్పును చిల్లు పొడిచింది, ఆ తర్వాతి నెల సౌర తుపాను సమయంలో ఒక సీసీడీ ఎలక్ట్రానిక్స్ చెడిపోయింది. వేలకొద్దీ లేని నక్షత్రాలు కనిపించసాగాయి, గుర్తించే హద్దులు మార్చి అదుపు చేశారు. చివరికి ఆపింది మాత్రం నైట్రోజన్ అయిపోవడమే. 2025 జనవరి 15న కొలతలు నిలిచాయి, మార్చి 27న ఉపగ్రహాన్ని ఆపేశారు.

ఇక ఈ పట్టికను వాడేవారికి. గైయా పట్టికలు ఉచితం, ఎవరైనా దింపుకోవచ్చు, అందుకే తప్పుగా వాడటమూ తేలికే. మొదటిది, పారలాక్స్‌ను తిరగేసి దూరం రాసేయకండి. పారలాక్స్ దాని తప్పుకు కనీసం ఐదు, కుదిరితే పది రెట్లు ఉంటేనే ఆ పని చెల్లుతుంది. మసక నక్షత్రాల్లో రుణ పారలాక్స్‌లు కూడా వస్తాయి. అవి చెత్త కావు, కొలతలో సహజంగా వచ్చే చెదురు. వాటిని తీసేసి మిగతావాటి సగటు తీస్తే దూరం తప్పుతుంది. అలాంటప్పుడు పారలాక్స్‌ల సగటే ముందు తీసి, తర్వాత దూరానికి మార్చాలి. రెండోది, సున్నా దిద్దుబాటు. విలువ మైనస్ 17 కాబట్టి దాన్ని తీసివేయాలి, అంటే పారలాక్స్ పెరుగుతుంది. 100 పార్సెక్‌ల దగ్గర ఇది 0.2 శాతం కూడా కాదు, 5000 పార్సెక్‌ల దగ్గర 8.5 శాతం. ఇది ప్రకాశం, రంగు, ఆకాశంలో స్థానాన్ని బట్టి మారుతుంది, కాబట్టి ఒకే అంకె అందరికీ వాడకుండా గైయా బృందం ఇచ్చిన సూత్రం వాడటం మంచిది. మూడోది, పట్టికలో ఆర్‌యూడబ్ల్యూఈ అనే నిలువు వరుస: కొలతలు ఒంటరి నక్షత్రపు కదలికకు ఎంత సరిపోయాయో అది చెబుతుంది. ఒంటరి నక్షత్రానికి ఇది 1 దగ్గర ఉంటుంది. 1.4 దాటితే జంట నక్షత్రమో, పక్కనున్న చుక్క కలిసిపోవడమో జరిగిందని అనుమానించి, పారలాక్స్‌ను జాగ్రత్తగా చూడాలి. అంత మాత్రాన పారేయనక్కర్లేదు. సూర్యుడికి 33 రెట్లు ద్రవ్యరాశి ఉన్న గైయా బీహెచ్3 అనే కృష్ణబిలం, జంట నక్షత్రం ఊగుతుండటం చూసే 2024లో బయటపడింది.

మూడో విడుదల 34 నెలల కొలతలతో చేసింది. 66 నెలల కొలతలతో నాలుగోది 2026 డిసెంబరులో తేవాలన్నది ప్రణాళిక. అందులో ఒక్కో నక్షత్రానికీ విడివిడి కొలతలు కూడా ఇస్తారు. అప్పుడు జంటలను, గ్రహాలను ఎవరికి వారే వెతుక్కోవచ్చు. దాని తర్వాతి మెట్టు పరారుణ కాంతి, ఎందుకంటే పాలపుంత కేంద్రం వైపు దుమ్ము గైయాకు అడ్డుపడింది. జపాన్ సిద్ధం చేస్తున్న జాస్మిన్ ఆ చిన్న ప్రాంతాన్నే పరారుణంలో కొలుస్తుంది. మొత్తం ఆకాశాన్ని గైయా పద్ధతిలోనే పరారుణంలో కొలవాలంటే ఒక చిక్కు విడిపోవాలి: సిలికాన్ సీసీడీలా ఎలక్ట్రాన్ల మూటను వరుస వరుసకూ జరపడం మామూలు పరారుణ డిటెక్టర్లకు చేతకాదు. దానికి తగ్గ డిటెక్టర్లు తయారు చేయడమే ఇప్పుడు ఈ రంగంలో అన్నిటికన్నా ముందు తేలవలసిన పని.